పట్టాలకు అవతలి బడి

నోరీన్ హాలక్ ఇరవై రెండేళ్లుగా పద్నాలుగో నంబరు స్కూల్ బస్సు నడుపుతోంది. టానర్స్ ఫోర్క్‌లో ఇప్పుడు పిల్లల్ని బస్సెక్కించడానికి వచ్చే తల్లుల్లో సగం మంది ఒకప్పుడు ఆ బస్సులోనే ముక్కు చీదుకుంటూ కూర్చున్నవాళ్లు. అందుకే స్కూలు హద్దులు మార్చే కమిటీలో సిబ్బంది తరఫున ఎవరిని వేయాలన్న మాట వచ్చినప్పుడు, బస్సుల వ్యవహారం చూసే డ్వైట్ పెల్కీకి ఇంకో పేరు తట్టలేదు.

"నువ్వంటే అందరికీ ఇష్టం నోరీన్. నువ్వుంటే గొడవలు కాస్త చల్లబడతాయి," అన్నాడు.

"అంటే ఆ ఇష్టం పోగొట్టుకునే దారి చూపిస్తున్నావన్నమాట," అని ఆమె నవ్వింది. అప్పటికి సెప్టెంబరు. ఇంకా నవ్వే రోజులే.

చూడబోతే సంగతి చిన్నదే. గుట్ట మీదున్న నార్త్‌గేట్ స్కూల్లో పిల్లలు పట్టడం లేదు. ఆటస్థలంలో నాలుగు రేకుల గదులు దించి అందులో పాఠాలు చెబుతున్నారు. రైలు పట్టాలకు అవతల, మూతపడిన కాగితం మిల్లు పక్కనున్న మిల్ స్ట్రీట్ స్కూల్లోనేమో సగం గదులకు తాళాలు. నార్త్‌గేట్ నుంచి ఎనభై మందిని అటు పంపాలి. ఏ ఎనభై మందిని అన్నదే పేచీ.

కమిటీ ముందు రెండు పటాలు పెట్టారు. మొదటి పటం ప్రకారం గుట్ట దిగువనున్న ఆర్చర్డ్ లేన్, దాని పక్క వీధులు మారాలి. అక్కడి నుంచి మిల్ స్ట్రీట్‌కు బస్సులో పది నిమిషాలు. రెండో పటం ప్రకారం విల్లో కోర్ట్ మారాలి. అది హైవే పక్కన, చక్రాల మీద తెచ్చి నిలిపిన రేకుల ఇళ్ల కాలనీ. నార్త్‌గేట్ గంట కొడితే అక్కడికి వినిపిస్తుంది. ఆ పిల్లల్ని మిల్ స్ట్రీట్‌కు చేర్చాలంటే ఊరంతా చుట్టి, గూడ్సు బండ్లు నిలబడిపోయే రైలు గేటు దాటి, నలభై నిమిషాలు పోవాలి.

"దీనికి పటాలెందుకండీ? కళ్లు మూసుకుని చెబుతాను. మొదటిదే," అంది నోరీన్ మొదటి సమావేశంలోనే.

కమిటీ అధ్యక్షుడు లోవెల్ ట్రాస్క్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు. బీమా కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. "తొందరేముంది నోరీన్. ముందు జనం ఏమంటారో విందాం," అన్నాడు.

జనం అనడం మొదలుపెట్టారు.

అక్టోబరు మొదటి వారానికల్లా గుట్ట మీద ప్రతి ఇంటి ముందూ ఆకుపచ్చ బోర్డు వెలిసింది: 'మా బడిని ముక్కలు చేయొద్దు'. అదే రంగు చొక్కాలు కుట్టించుకుని వాళ్లు సమావేశాలకు వచ్చి ముందు వరసల్లో కూర్చునేవాళ్లు. ఆ చొక్కాలు పంచింది నోరీన్ కూతురు మెరిడిత్, తల్లి పిలుపులో మేరీ. ఆర్చర్డ్ లేన్‌లో మూడో ఇల్లు ఆమెది. తొమ్మిదేళ్ల కొడుకు గ్రేడీ నార్త్‌గేట్‌లో నాలుగో తరగతి. రోజూ అమ్మమ్మ బస్సులోనే వెళ్లి వస్తాడు.

ఆదివారం భోజనాల దగ్గర మెరిడిత్ గిన్నె ముందుకు తోస్తూ అంది. "అమ్మా, సూటిగా అడుగుతున్నాను. నువ్వు ఎవరి తరఫు?"

"బస్సు తరఫు. నాకు తెలిసింది అదొక్కటే."

"నీ మనవడికంటే నీకు బస్సు ఎక్కువా?"

"వాడికి పది నిమిషాలే మేరీ. అవతల పిల్లలకి నలభై. ఆరేళ్ల పిల్లలు, చీకట్లో బయల్దేరాలి."

"వాళ్లకి అలవాటే కదా," అంది మెరిడిత్. అన్నాక ఒక్క క్షణం తానే తడబడింది. "అంటే... వాళ్లు ఇవాళుంటారు, రేపు ఇంకో ఊరు పోతారు. మేం ఈ బడి కోసమే ఇల్లు కొనుక్కున్నాం."

గ్రేడీ చిక్కుడు గింజల్ని ఫోర్కుతో రెండు కుప్పలు చేస్తూ వింటున్నాడు. నోరీన్ వాడి వంక చూసి మాట మార్చింది. మెరిడిత్ మార్చలేదు.

ఆ తర్వాత వారం నుంచే నోరీన్‌కు తేడా తెలిసింది. ఇరవై రెండేళ్లుగా తలుపు తెరుచుకోగానే పలకరింపుగా లేచే చేతులు ఒక్కొక్కటే లేవడం మానేశాయి. ముందు ఆర్చర్డ్ లేన్‌లో. తర్వాత దాని పైవీధిలో. తల్లులు ఫోన్లలోకి చూసేవాళ్లు. రోజూ ఆమెకు కాఫీ కప్పు అందించే పెద్దాయన ఒకాయన పొద్దున్నే పిల్లను దించి కారులోంచి దిగకుండానే వెళ్లిపోయాడు. కోపంగా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే ఆమె బదులు చెప్పగలిగేది.

ఒకరోజు డిపోలో బస్సు ముందద్దం తుడిచే వైపర్ కింద మడిచిన కాగితం కనిపించింది. ఆర్చర్డ్ లేన్ పటం. మెరిడిత్ ఇంటి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. కింద ఒకే మాట: 'నీ మనవడు కూడానా?'

డ్వైట్‌కు చూపించింది. అతను గడ్డం గోక్కున్నాడు. "ఎవరో ఆకతాయి పని. పోలీసులకి చెబుతావా?"

"ఏమని చెప్పను? పటం ఇచ్చారనా?"

"మరైతే వదిలెయ్. డిసెంబరులో ఓటింగు అయిపోతుంది. అన్నీ సర్దుకుంటాయి."

ఆమె ఆ కాగితాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుంది. ఇంటికెళ్లాక తలుపు గడియ రెండుసార్లు చూసుకుంది. ఆ ఊళ్లో ఆమె ఎన్నడూ గడియ వేసి ఎరగదు.

*

బస్సులో పిల్లలు మారడం ఆమె కాస్త ఆలస్యంగా గమనించింది.

నవంబరు రెండో వారంలో ఒక సాయంత్రం, పిల్లలంతా దిగిపోయాక, వెనక సీట్లలో ఎవరైనా నిద్రపోయి ఉన్నారేమోనని రోజూలాగే నడుచుకుంటూ వెళ్లింది. ఏడో వరస దగ్గర నేల మీద నీలం రంగు టేపు అడ్డంగా అంటించి ఉంది. గోడలకు రంగు వేసేటప్పుడు అంటించే టేపు. ఎవరో ఇంట్లోంచి తెచ్చినట్టున్నారు. టేపుకు ఇవతల సీటు వెనక 'పోయేవాళ్లు' అని, అవతల 'ఉండేవాళ్లు' అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. అక్షరాలు చక్కగా, టీచరు మెచ్చుకునేలా ఉన్నాయి.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని టేపు మొత్తం పీకేసింది. రాతను సబ్బుతో తుడిచింది.

మర్నాడు పొద్దున్న బస్సు తలుపుకు అడ్డంగా నిలబడి అందరికీ చెప్పింది. "ఇది నా బస్సు. ఇందులో ఎవరు ఎక్కడైనా కూర్చుంటారు. విన్నారా?"

"విన్నాం మిస్ నోరీన్," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

విన్నారు. ఆర్చర్డ్ లేన్ పిల్లలు ఎక్కి నేరుగా వెనక్కి పోయారు. విల్లో కోర్ట్ పిల్లలు ఎవరూ చెప్పకుండానే ముందు ఆరు వరసల్లో సర్దుకున్నారు. టేపు లేదు, గీత మాత్రం ఉన్నచోటే ఉంది.

లేపి కలిపి కూర్చోబెడదామనుకుంది. కానీ విల్లో కోర్ట్ చిన్నపిల్లలు ముందుంటే అద్దంలో కంటికి ఆనుతారు కదా, అదీ మంచిదేలే అని సర్దిచెప్పుకుంది. ఆ సర్దిచెప్పుకోవడం ఆమెకు తర్వాత చాలా కాలం గుర్తుంది.

ముందు వరసలో, నోరీన్ వెనకే కిటికీ పక్కన యారెలీ క్విరోజ్ కూర్చునేది. ఆరేళ్లు, ఒకటో తరగతి. ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉండేవి. పసుపుపచ్చ రబ్బరు బూట్లు వానున్నా లేకపోయినా వేసుకొచ్చేది. వాళ్లమ్మ ఇమెల్డా కోళ్ల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు చేసి సరిగ్గా బస్సు వేళకు కాలనీ మొదట్లో వచ్చి నిలబడేది.

"మిస్ నోరీన్, గీత అంటే ఏంటి?" అని అడిగింది యారెలీ ఒకరోజు.

"పెన్సిల్‌తో గీస్తావు చూడు, అదే."

"కాదు. వెనకవాళ్లు అంటున్నారు, మా ఇంటి మీద గీత వచ్చిందంట."

నోరీన్ అద్దంలో పిల్ల వంక చూసింది. "అవి పెద్దవాళ్ల పిచ్చి మాటలు తల్లీ. నువ్వు పట్టించుకోకు," అంది. పిల్ల బుద్ధిగా తలూపింది.

*

డిసెంబరు ఐదో తేదీ సాయంత్రం చలి బాగా పట్టింది. పొద్దున్న పడిన మంచు రోడ్డు పక్కన గడ్డకట్టి మురికిగా ఉంది. నోరీన్ ఆర్చర్డ్ లేన్ స్టాపులో బస్సాపి తలుపు తెరిచింది. పద్నాలుగు మంది దిగాలి. తల వంచి దిగేవాళ్లను అద్దంలో లెక్కపెట్టుకోవడం ఆమెకు ఊపిరి తీసుకోవడం లాంటిది.

ఆ రోజు లెక్కపెట్టలేదు. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక తండ్రి ఆమె కిటికీ దగ్గరికొచ్చి అద్దం మీద వేలితో కొట్టాడు. ఆమె అద్దం దించింది.

"మంగళవారం నువ్వు ఎటు ఓటేస్తావో తెలుసుకోవచ్చా?"

"సార్, పిల్లలు దిగుతున్నారు. ఇప్పుడు కాదు."

"మరెప్పుడు? ఫోన్ చేస్తే ఎత్తవు. మా జీతగత్తెవి నువ్వు, మాకు జవాబు చెప్పాల్సిన పని లేదా?"

"చెబుతాను. మంగళవారం, అందరి ముందూ."

"నీ కూతురికి నీ ముఖం చూపించగలవా మరి?"

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. అతని వంక తిరిగి గట్టిగానే ఏదో అంది. ఏమందో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. వెనక అడుగుల చప్పుడు ఆగింది. అద్దం ఎత్తేసి, తలుపు మూసి, బస్సు కదిలించింది.

విల్లో కోర్ట్ ఆఖరి స్టాపు. పిల్లలు దిగి పరుగెత్తారు. ఇమెల్డా వచ్చి మెట్టు దగ్గర నిలబడి లోపలికి చూసింది.

"యారెలీ నిద్రపోయిందా?"

నోరీన్ లేచింది. ముందు వరస ఖాళీ. రెండోది ఖాళీ. చివరి దాకా వెళ్లి సీట్ల కింద కూడా వంగి చూసింది. ఎవరి చేతి తొడుగో ఒకటి కనిపించింది, అంతే.

"బస్సెక్కింది. నేను చూశాను. నా వెనకే కూర్చుంది," అంది నోరీన్.

"మరి ఏది?"

టైము నాలుగూ పది. ఐదింటికల్లా చీకటి పడుతుంది.

నోరీన్ రేడియోలో డ్వైట్‌కు చెప్పింది. డ్వైట్ పోలీసులకు చెప్పాడు. ఇమెల్డా మారు మాట లేకుండా బస్సెక్కి, కూతురు కూర్చునే సీట్లోనే కూర్చుంది. ఖాళీ బస్సును వెనక్కి తిప్పుతూ నోరీన్ కూతురికి ఫోన్ చేసింది.

"మేరీ, గ్రేడీని పిలువు. వాడి స్టాపులో ఒక చిన్నపిల్ల దిగిపోయింది. ఏమైనా చూశాడేమో అడగాలి."

"వాడికేం తెలుస్తుంది? మా పిల్లల్ని ఇందులోకి లాగకమ్మా."

"మెరిడిత్, పిలువు."

ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది. తర్వాత గ్రేడీ గొంతు, సన్నగా. "అమ్మమ్మా, నేనొక్కడినే కాదు."

"ఎవరని అడగట్లేదు నాన్నా. ఆ పాప ఎటు వెళ్లింది?"

"మేం... ఉట్టినే అన్నాం. గీత మారిపోయింది, ఇక నుంచి ఈ బస్సు మీ ఇంటికి పోదు, మీ బస్సు మిల్ స్ట్రీట్ బడి దగ్గరుంటుంది అని. నిజమా అని అడిగింది. నిజమే అన్నాం. పట్టాల వెంట పోతే దగ్గరే అని ఒకడు చూపించాడు." వాడు ఏడుపు మొదలుపెట్టాడు. "తను నిజంగా పోతుందనుకోలేదు అమ్మమ్మా. నవ్వుతుందనుకున్నాం."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఇమెల్డా మొత్తం విన్నది.

ఆర్చర్డ్ లేన్ చివర రోడ్డు అయిపోయి, రెల్లు, ఆ తర్వాత రైలు పట్టాల కంకర గట్టు. బస్సాపి ఇద్దరూ దిగారు. గట్టు మీది మంచులో చిన్న రబ్బరు బూట్ల అచ్చులు స్పష్టంగా ఉన్నాయి. తిన్నగా, ఎక్కడా ఆగకుండా, పట్టాల మధ్యలోంచి పోతున్నాయి. చెప్పిన మాట వినే పిల్ల నడక.

పోలీసులకు ఆ సంగతి చెప్పి, రైళ్లు ఆపించమని అరిచి, నోరీన్ ఇమెల్డా వెనక పరుగెత్తింది. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు. పట్టాల కింది చెక్క స్లీపర్ల మీద మంచు జారుతోంది. ఇమెల్డా కూతురి పేరు పిలుస్తూ ముందు పోతోంది. ప్రతి పిలుపు తర్వాతా ఇద్దరూ ఆగి వింటున్నారు.

కొంతదూరం పోయాక వాగు మీద ఇనుప వంతెన. రైలు పట్టేంత వెడల్పే, పక్కన నడిచే దారి లేదు. స్లీపర్ల సందుల్లోంచి కింద నల్లటి నీళ్లు కనిపిస్తున్నాయి. వంతెన మీద మంచు నిలవలేదు కాబట్టి అచ్చులు లేవు. సగం దాటాక ఒక పసుపుపచ్చ బూటు స్లీపర్ల మధ్య ఇరుక్కుని కనిపించింది. ఒక్కటే.

ఇమెల్డా అక్కడే కూలబడి సందులోంచి కిందికి చూసింది. నోరీన్ ఆమె భుజం పట్టుకుంది. అప్పుడే ఎక్కడో దూరంగా రైలు కూత వినిపించింది. ఏ వైపు నుంచో తెలియలేదు.

"లే ఇమెల్డా. ముందుకే. వెనక్కి చాలా దూరం."

"నా బిడ్డ కింద ఉంది."

"ముందుంది. చూడు, నువ్వు లేచి చూడు."

ఆమెకే తెలియదు ముందుందో లేదో. ఇమెల్డాను దాదాపు ఈడ్చుకుంటూ వంతెన దాటించింది. అవతలి గట్టు మీద మంచులో మళ్లీ అచ్చులు. ఒకటి బూటుది. ఒకటి మేజోడుది. నోరీన్ ఆ మేజోడు అచ్చు దగ్గర మోకాళ్ల మీద పడి అరచేయి ఆనించింది. ఇమెల్డా అప్పటికే పరుగెత్తుతోంది.

ఐదు నిమిషాల తర్వాత గూడ్సు బండి వాళ్ల వెనక వంతెన మీదుగా వచ్చింది. దాన్ని ఆపమన్న మాట ఎవరికో చేరి, ఇంకెవరికో చేరలేదు. ఇద్దరూ గట్టు కింద తుప్పల్లో నిలబడి, డెబ్బై ఎనభై పెట్టెలు దడదడమంటూ పోయేదాకా ఒకరి చేయి ఒకరు వదల్లేదు.

మిల్ స్ట్రీట్ బడి దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. ఆ గూడ్సు బండికి గేటు వేయడంతో పోలీసు కారు ఇంకా అవతలే ఆగిపోయి ఉంది. బడి ఎప్పుడో మూసేశారు. వెనక తలుపు మీద ఒక్క దీపం వెలుగుతోంది. దాని కింద మెట్టు మీద, తలుపుకు వీపు ఆనించి, సంచి ఒళ్లో పెట్టుకుని యారెలీ కూర్చుని ఉంది. పెదాలు నీలంగా మారాయి. కుడికాలి మేజోడు గడ్డకట్టి అట్టలా అయింది.

ఇమెల్డా ఎత్తుకుని కోటులో చుట్టింది. పిల్ల కళ్లు తెరిచి, ఊడిన పళ్ల సందులోంచి మెల్లగా అంది. "అమ్మా, కొట్టాను. చాలాసార్లు కొట్టాను. వాళ్లు తలుపు తీయలేదు."

*

ఆస్పత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. కుడికాలి రెండు వేళ్లు మాత్రం తీసేశారు.

నోరీన్ వార్డు బయట నిలబడింది. ఇమెల్డా వచ్చి ఆమె ఎదురుగా ఆగింది. ఆమె చేతులకు ఇంకా కంకర గీరుకుపోయిన గాయాలున్నాయి.

"మీరు మంచివాళ్లని నాకు తెలుసు. కానీ నా బిడ్డ దిగుతుంటే మీరు చూడలేదు."

"చూడలేదు," అంది నోరీన్.

"అదే. ఇంకేం చెప్పకండి," అని ఇమెల్డా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

విచారణ అయ్యేదాకా బస్సెక్కొద్దని డ్వైట్ చెప్పాడు. ఆమె తాళాలు ఇచ్చేసింది. కమిటీలో పేరు మాత్రం ఎవరూ తీసేయలేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు.

మంగళవారం సాయంత్రం నార్త్‌గేట్ జిమ్‌లో సమావేశం. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. కుడివైపంతా ఆకుపచ్చ చొక్కాలు. ఎడమ వైపు విల్లో కోర్ట్ వాళ్లు ఇరవై మంది దాకా వచ్చారు. ఇమెల్డా రాలేదు.

ఈసారి గుట్ట మీదివాళ్లు గొడవ చేస్తారని, లేకపోతే సిగ్గుతో తలదించుకుంటారని నోరీన్ రెండూ ఊహించుకుంది. రెండూ జరగలేదు. ఒక తల్లి మైకు దగ్గరికొచ్చింది. చేతిలో కొవ్వొత్తి బొమ్మ ఉన్న కార్డు, కళ్లలో నీళ్లు.

"ఆ పాప కోసం మా ఇంట్లో రోజూ ప్రార్థన చేస్తున్నాం. మా పిల్లలకి రాత్రిళ్లు నిద్ర లేదు. నేను అడిగేది ఒక్కటే. ఇంత జరిగాక ఆ చిన్నపిల్లల్ని ఇక్కడే ఉంచడం వాళ్లకి మంచిదా? ఇక్కడ వాళ్లకి సుఖం లేదని తేలిపోయింది కదా. వాళ్ల వాళ్ల మధ్య, వాళ్లకంటూ ఒక బడిలో ఉంటే క్షేమంగా ఉంటారు. నేను ఆ పాప గురించే చెబుతున్నాను."

చప్పట్లు మొదలయ్యాయి. కోపం లేని, మర్యాదైన చప్పట్లు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా అదే దారి పట్టారు. ప్రతివాళ్లూ యారెలీ పేరు ఎత్తారు. ఒకరిద్దరు పేరును తప్పుగా పలికారు. పటం మాట ఎత్తాల్సిన అవసరమే రాలేదు.

లోవెల్ ట్రాస్క్ కమిటీ వైపు తిరిగాడు. "ఓటుకు ముందు ఎవరైనా మాట్లాడతారా?"

నోరీన్ లేచింది. ముందు వరసలో మెరిడిత్ తల్లి వంక చూసి వద్దన్నట్టు చిన్నగా తలూపింది.

"ఆ పాపకి దారి చూపించింది పిల్లలు. అందులో నా మనవడు ఉన్నాడు. ఆ పిల్లలకి గీత అంటే ఏంటో నేర్పింది మనం. భోజనాల దగ్గర, కార్లలో, ఇదిగో ఈ జిమ్‌లో. పాప దిగేటప్పుడు చూడాల్సింది నేను, చూడలేదు. నా ఉద్యోగం పోవాలంటే పోనివ్వండి. కానీ పాప చేసిందేంటో ఒక్కసారి ఆలోచించండి. పొమ్మన్నారు, పోయింది. రెండో పటం కూడా అదే చెబుతోంది. ఇంకో డెబ్బై తొమ్మిది మందికి."

ఎక్కడో కుర్చీ కిర్రుమంది. మెరిడిత్ లేచి, సంచి భుజానికి తగిలించుకుని, ఎవరి వంకా చూడకుండా నడిచి బయటికి వెళ్లిపోయింది. తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది.

"థ్యాంక్యూ నోరీన్. చాలా కష్టమైన మాటలు," అన్నాడు లోవెల్. అతని గొంతులో నిజంగానే దయ ఉంది. "ఇక ఓటు."

తొమ్మిది మందిలో ఐదుగురు రెండో పటానికి చేతులెత్తారు. ఐదో చెయ్యి మిల్ స్ట్రీట్ తరఫున వచ్చిన పాస్టరుది. అంతకుముందు దాకా ఆయన మొదటి పటం వైపే ఉన్నాడు. "పిల్లల క్షేమం కోసం," అన్నాడాయన చెయ్యి దించుతూ. నోరీన్ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నిజంగానే ఆ మాట నమ్మాడు. అదే ఆమెకు అన్నిటికంటే భయం వేసింది.

జనవరిలో స్కూల్ బోర్డు దాన్ని ఆమోదించింది.

*

నోరీన్‌ను పది రోజులు పనిలోంచి ఆపి, ఫైల్లో ఒక మందలింపు కాగితం పెట్టి, మళ్లీ తాళాలు ఇచ్చారు. ఆగస్టులో కొత్త రూట్లు పంచుతున్నప్పుడు ఆమె ఎవరూ కోరని రూటు అడిగి తీసుకుంది: విల్లో కోర్ట్ నుంచి మిల్ స్ట్రీట్.

మొదటి రోజు పొద్దున్న ఆరున్నరకు ఇమెల్డా కూతురి చేయి పట్టుకుని నిలబడి ఉంది. డ్రైవరు సీట్లో ఎవరున్నారో చూసింది. తర్వాత పిల్లను ఎక్కించి, సరిగ్గా నోరీన్ వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, దిగింది. మాట్లాడలేదు. ఆ రోజూ లేదు, ఆ తర్వాతా లేదు.

యారెలీ కొంచెం ఈడ్చి నడుస్తుంది. కొత్త పళ్లు వచ్చాయి. బస్సు ఎక్కడ ఆగినా, ఎర్రదీపం దగ్గర ఆగినా సరే, సీటు కమ్మీ పట్టుకుని ముందుకు వంగి అడుగుతుంది. "మిస్ నోరీన్, ఇది నాది కాదు కదా?"

"కాదు తల్లీ. నేను చెబుతాగా."

మళ్లీ ఆగితే మళ్లీ అడుగుతుంది. నలభై నిమిషాల్లో పాతికసార్లు. నోరీన్ ప్రతిసారీ జవాబు చెబుతుంది.

మెరిడిత్ తొమ్మిది నెలలు తల్లితో మాట్లాడలేదు. సెప్టెంబరు చివర్లో ఒక శనివారం చెప్పకుండా వచ్చింది, వెంట గ్రేడీ. వంటింట్లో నిలబడి కోటు కూడా విప్పలేదు.

"నార్త్‌గేట్‌లో మళ్లీ పిల్లలు పట్టడం లేదంట. గుట్ట పైన కొత్త ఇళ్లు కట్టారుగా, వాళ్ల పిల్లలు," అంది. "ఇంకో కమిటీ వేస్తున్నారు. పైవాళ్లు ఇప్పటికే మీటింగులు పెట్టుకుంటున్నారు. మమ్మల్ని పిలవట్లేదు."

"మిమ్మల్నంటే?"

"ఆర్చర్డ్ లేన్ వాళ్లని. నిన్న ఒకావిడ కొట్లో ఎదురుపడింది. నేనే ఆవిడకి చొక్కా ఇచ్చాను నిరుడు. చూడనట్టు పోయింది." మెరిడిత్ నవ్వబోయింది, రాలేదు. "అమ్మా, ఈసారి కూడా నువ్వు ఉంటావా కమిటీలో?"

"నన్ను అడగరు మేరీ."

మెరిడిత్ కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. నోరీన్ ఆమె వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. కూతురి మీద జాలి కలిగింది. జాలితో పాటు ఇంకేదో కూడా ఉంది. ఆ ఇంకొకటి తనకు నచ్చలేదు.

గ్రేడీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఏడాదిలో పొడుగయ్యాడు, మాటలు తగ్గాయి. నార్త్‌గేట్ బస్సులో డ్రైవరు వెనక మొదటి వరసలో ఒక్కడే కూర్చుంటాడని డ్వైట్ ఒకసారి చెప్పాడు.

"అమ్మమ్మా," అన్నాడు. "ఈసారి ఎవరు పోవాలి?"

"ఇంకా ఎవరూ చెప్పలేదు నాన్నా."

"కానీ ఎవరో ఒకరు పోవాలి కదా?"

బయట వీధిలో ఎవరో సుత్తితో బోర్డు పాతుతున్న చప్పుడు వినిపించింది. వాడు కిటికీ దగ్గరికి పోయి, అది ఏ రంగుదో చూడటానికి తెర పక్కకు జరిపాడు.